మూత తీయవద్దు, దీపం పెట్టండి



కోనసీమలో కనుమ అనగానే ఎవరికైనా జగ్గన్నతోట ప్రభల తీర్థం గుర్తుకు వస్తుంది. పదకొండు ఊళ్ల నుంచి పదకొండు మంది రుద్రులు రంగురంగుల ప్రభల మీద, చేలకు అడ్డంపడి, కాలువలు దాటి ఆ తోటకు చేరుకుంటారు. కిందటి సంక్రాంతికి ముందు, అటువంటి ప్రభకు చిన్న నమూనా ఒకటి పలుచని చెక్కతో చేయించాలని నాకు బుద్ధి పుట్టింది. అందుకోసం మన ప్రాంతంలోనే ఒక చిన్న బస్తీలో, షీల్డులూ నేమ్ ప్లేట్లూ తయారుచేసే కొట్టుకు వెళ్లాను.

కొట్లో ఒక మూల, బల్ల మీద, ట్రంకు పెట్టె అంత యంత్రం ఉంది. దానిని లేజర్ కటర్ అంటారు. కంప్యూటరులో గీసిన బొమ్మను చూసుకుంటూ, కాంతి కిరణంతో చెక్కనూ అట్టనూ కత్తిరించే యంత్రం అది. దాని మూతకు చిన్న కిటికీ ఉంది. కానీ ఆ మూత వేసి లేదు. సందులో మడత పెట్టిన అట్టముక్క ఒకటి దోపి, మూతను జానెడు పైకి ఎత్తి ఉంచారు. మూత అంచున ఉండే చిన్న మీటను టేపు వేసి నొక్కిపెట్టారు. మీ కంటె నాలుగైదేళ్లు పెద్దవాడైన కుర్రవాడు, ఆ సందులోకి తల వంచి, చెయ్యి అడ్డం పెట్టుకుని, లోపల ప్రభ అంచులు తెగుతుంటే చూస్తున్నాడు.

"ఏం బాబూ, మూత వెయ్యవేం?" అన్నాను.

"మూతేస్తే కనపడదండి, ఆయ్" అన్నాడు తల ఎత్తకుండానే.

నేను ఆ యంత్రాన్ని ఆపించి, మూత వేయించి, నా చెక్క ప్రభను తీసుకుని ఇంటికి వచ్చాను. కాని ఆ మాట మాత్రం నన్ను వదలలేదు. మీరు ఒకటి గమనించండి. ఆ కుర్రవాడు పొగరుతో మూత తీయలేదు. పని సరిగా చూసుకోవాలని తీశాడు. చెక్క అంటుకుంటున్నదా, ముక్క జరిగిపోయిందా, గీత ఎక్కడ పడుతున్నది అని చూసుకోవడం అవసరం కూడాను. చూడకుండా వదిలేసిన లేజర్ కటర్లో మంట లేస్తే కొట్టు మొత్తం కాలిపోగలదు. కనుక "చూడవద్దు" అని అతనికి చెప్పడం తప్పు. "ఎట్లా చూడాలి?" అన్నదే అసలు ప్రశ్న. దానిని గురించి నా అభిప్రాయం ఏమిటో ఈ నెల మీతో చెబుతాను.

రెండు కటకాలు

మొదట లేజర్ సంగతి కొంచెం తెలుసుకుందాం. 1960 మే నెలలో థియోడర్ మైమన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు కెంపు కడ్డీ నుంచి మొట్టమొదటి లేజర్ కిరణాన్ని వెలువరించాడు. ఆ తరువాత నాలుగేళ్లకు, 1964లో, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పనిచేస్తున్న మన దేశస్థుడు చంద్రకుమార్ పటేల్ కార్బన్ డయాక్సైడు వాయువుతో లేజరును తయారుచేశాడు. మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి, పూనాలో ఇంజనీరింగు చదివినవాడు ఆయన. ఇప్పుడు లోకమంతా చెక్క, అట్ట, తోలు, యాక్రిలిక్ కోసే యంత్రాలలో చాలా వాటికి ఆయన కనిపెట్టిన లేజరే ఆధారం. మనం సోడాలో తాగే వాయువే గాజు గొట్టంలో కూర్చుని కత్తి అయింది!

కాంతి కత్తి ఎట్లా అవుతుంది? మీరు భూతద్దంతో ఎండను కాగితం మీద ఒక్క చుక్కగా పట్టి పొగ రప్పించే ఉంటారు. ఇదీ అంతే. లేజర్ కాంతి బల్బు కాంతిలాగ నాలుగు దిక్కులకూ చెదరదు. పెన్సిలంత సన్నంగా, ఒకే దారిన, ఒకే రంగుతో పోతుంది. యంత్రంలో ఉన్న కటకం దానిని ఇంకా కుదించి, ఆవగింజ కంటె చిన్న చుక్కగా చెక్క మీద పడేస్తుంది. శక్తి అంతా ఆ చుక్కలోనే పడటం వల్ల చెక్క ఆవిరై, గీత తెగుతుంది.

ఇప్పుడు రెండో కటకం సంగతి చూడండి. అది మీ కంట్లోనే ఉంది. సమాంతరంగా వచ్చే కిరణాలను వెనక ఉన్న నేత్రపటలం మీద ఒక్క చుక్కగా చేర్చడమే దాని పని. ఆ పని చేస్తుంది కనుకనే మనకు నక్షత్రం చుక్కలాగ కనిపిస్తుంది. కాని అదే కటకం, పొరపాటున లేజర్ కిరణం లోపలికి వస్తే దానిని కూడా అంత శ్రద్ధగానూ ఒకే చుక్కకు చేరుస్తుంది. కంటిపాప మీద పడిన కాంతి నేత్రపటలం చేరేసరికి సుమారు లక్ష రెట్లు చిక్కన అవుతుంది. కన్ను తన పని తాను బాగా చేయడమే ఇక్కడ కన్నుకు శత్రువు!

లెక్క వేసి చూద్దాం. క్లాసులో పాఠం చెప్పేటప్పుడు వాడే చిన్న లేజర్ పాయింటరు శక్తి 1 మిల్లీవాటు ఉండవచ్చు. అది కంట్లో పడితే మనం పావు సెకనులో రెప్ప వేసేస్తాం కాబట్టి సాధారణంగా బయటపడతాం. చవకగా దొరికే నీలి లేజర్ కటర్ శక్తి 5 వాట్లు అనుకోండి. అంటే 5,000 మిల్లీవాట్లు. మన రెప్ప పడేలోగా జరగవలసిన నష్టం జరిగిపోతుంది. పైగా నేత్రపటలానికి నొప్పి తెలియదు. కాలినా మంట పుట్టదు. సరిగ్గా మధ్యనున్న పచ్చచుక్క దెబ్బతింటే, చదివే పుస్తకంలో ఏ అక్షరం మీద చూపు పెడితే ఆ అక్షరమే మాయమౌతుంది. తెగిన చర్మం మళ్లీ మూసుకుంటుంది గాని, చచ్చిపోయిన నేత్రపటలపు కణాలు మనుషులలో తిరిగి పుట్టవు.

అందుకనే శాస్త్రజ్ఞులు లేజర్లను ప్రమాదాన్ని బట్టి తరగతులుగా విభజించారు. మన బడిలో పై తరగతికి పోతే గొప్ప. ఇక్కడ మాత్రం 1వ తరగతే మంచిది, 4వ తరగతి అన్నిటికంటె ప్రమాదం. 4వ తరగతి కిరణం నేరుగా కంట్లో పడనక్కరలేదు, దేనికో తగిలి చెదిరి వచ్చినా హాని చేయగలదు. మంచి లేజర్ కటర్ మూత వేసి ఉన్నంతసేపూ 1వ తరగతి యంత్రమే. మూత ఎత్తి, మీటకు టేపు వేసిన మరుక్షణం అదే యంత్రం 4వ తరగతికి పోతుంది. నడుమ ఉన్నది ఒక్క రేకు మూత!

ఆ మీట సంగతి కూడా చెప్పాలి. ఫ్రిజ్ తలుపు తీయగానే లోపల బల్బు వెలుగుతుంది కదా? తలుపు అంచున దాగిన చిన్న మీట ఆ పని చేస్తుంది. లేజర్ కటర్లో ఉండే మీట దానికి తలకిందులు. తలుపు తీయగానే కిరణాన్ని ఆర్పేస్తుంది. దానికి టేపు వేయడం అంటే, కాపలా కుక్క మూతి కట్టి దొంగకు తలుపు తీయడమే.

అద్దం అంటే ఏ అద్దం?

"మూత వేసి, దాని స్థానంలో పెద్ద అద్దం పెట్టుకుంటే సరిపోదా? బాగా కనపడుతుంది కదా?" అని మీలో తెలివైనవారు అడుగుతారు. మంచి ప్రశ్నే. కాని ఇక్కడే పెద్దవాళ్లు కూడా పొరపాటు పడుతున్నారు.

మన కంటికి పారదర్శకమైనది అన్ని కాంతులకూ పారదర్శకం కాదు. మన కన్ను చూడగలిగినది సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతిని మాత్రమే. ఆ రెండు గట్ల మధ్య పారే కాలువే మన లోకం. గట్టు అవతల ఎంత కాంతి ఉన్నా మనకు చీకటే. కావాలంటే ఒక ప్రయోగం చేయండి. టీవీ రిమోట్ కొనను మీ వైపు తిప్పి మీట నొక్కండి. ఏమీ కనిపించదు. అదే కొనను సెల్‌ఫోను కెమెరాలో చూస్తూ నొక్కండి. చాలా ఫోన్లలో చిన్న వెలుగు మిణుకుమనడం కనిపిస్తుంది. ఆ పరారుణ కాంతి ఉన్నది నిజమే. మన కంటికి చేతకాలేదు, అంతే.

ఇక మన ఊళ్లలో తిరుగుతున్న మూడు రకాల లేజర్ యంత్రాలను చూడండి.

మొదటిది పటేల్ గారి కార్బన్ డయాక్సైడు లేజరు. తరంగదైర్ఘ్యం సుమారు 10,600 నానోమీటర్లు. కంటికి కనిపించదు. కాని మామూలు గాజుగాని, తెల్లటి యాక్రిలిక్ పలక గాని దీనికి ఇటుక గోడతో సమానం. లోపలికి పోలేక అక్కడే ఇంకిపోతుంది. యాక్రిలిక్ పలకను ఈ యంత్రం చక్కగా కోయగలగడానికి కారణం అదే. ఇంకకపోతే కోయలేదు గదా! కనుక ఈ యంత్రానికి మందమైన తెల్ల యాక్రిలిక్ కిటికీ చెదిరిన కిరణాలను ఆపుతుంది. కంట్లో పడితే ఈ కిరణం లోపలిదాకా పోదు. ముందున్న కార్నియా పొరలోని నీటిలోనే ఇంకి, ఆ పొరను కాలుస్తుంది.

రెండోది నీలి కాంతినిచ్చే డయోడు లేజరు. సుమారు 450 నానోమీటర్లు. ఇది కంటికి కనిపిస్తుంది. తెల్ల యాక్రిలిక్ దీనికి తెరచిన గుమ్మమే. ఈ యంత్రంతో తెల్ల యాక్రిలిక్‌ను కోయబోతే తెగదు. కిరణం పలకలో నుంచి తిన్నగా అవతలకు పోతుంది. కనుక మొదటి యంత్రానికి ప్రాణం కాపాడిన కిటికీయే దీనికి బిగిస్తే కన్ను పోగొడుతుంది. దీనికి నీలాన్ని మింగే నారింజరంగు కిటికీ కావాలి.

మూడోది స్టీలు సామాన్ల మీద పేర్లు కొట్టే ఫైబర్ లేజరు. తరంగదైర్ఘ్యం 1,064 నానోమీటర్లు. ఇది కంటికి కనిపించదు, పైగా తెల్ల అద్దంలో నుంచీ, మామూలు నారింజ అద్దంలో నుంచీ, మన కార్నియాలో నుంచీ కూడా దూసుకుని నేత్రపటలం దాకా పోతుంది. చెంబు, గ్లాసు వంటి గుండ్రటి, మెరిసే వస్తువుల మీద పడినప్పుడు ఎటు తిరిగి వస్తుందో ముందుగా చెప్పడం కష్టం. అటువంటి యంత్రాలు చాలా కొట్లలో పెట్టె లేకుండానే పనిచేస్తుంటాయి. అమ్మతో కలిసి పెళ్లి సామాన్ల మీద పేర్లు కొట్టించడానికి పోయినప్పుడు, ముచ్చటపడి దగ్గరగా వంగి చూడకండి. దూరంగా, ముఖం పక్కకు తిప్పి నిలబడండి.

ఒక్క అద్దం మూడు పనులకూ పనికిరాదని తెలిసింది కదా? కనుక "అద్దం పెట్టాం" అంటే చాలదు. ఎన్ని నానోమీటర్ల కాంతికి, ఎంత మేరకు ఆపే అద్దం అన్నది చూడాలి. మంచి కిటికీల మీదా, కళ్లజోళ్ల మీదా ఆ అంకె అచ్చువేసి ఉంటుంది. పక్కనే ఓ.డి. అనే రెండక్షరాలూ, దాని ముందో వెనకో ఒక అంకె కూడా ఉంటాయి. దాని అర్థం చాలా సులభం. ఓ.డి. 3 అంటే వెయ్యిలో ఒక వంతు మాత్రమే దాటుతుంది. ఓ.డి. 4 అంటే పదివేలలో ఒక వంతు. ఓ.డి. 6 అంటే పదిలక్షలలో ఒక వంతు. 5,000 మిల్లీవాట్ల నీలి కిరణం ఓ.డి. 3 అద్దం దాటితే ఇంకా 5 మిల్లీవాట్లు మిగులుతుంది. అది కంటికి చెరుపు చేయగలదు. ఓ.డి. 4 అద్దం దాటితే అర మిల్లీవాటే మిగులుతుంది. ఇంత చిన్న గుణకారం తెలిసిన పిల్లవాడిని ఏ రంగు అద్దమూ మోసం చేయలేదు. తిరునాళ్లలో అమ్మే రంగు కళ్లజోళ్లకు అంకెలు ఉండవు. అంకె లేని అద్దం ఎంత అందంగా ఉన్నా లేజరు దగ్గర మాత్రం అద్దం కాదు.

అమలాపురం బస్సు చెప్పే పాఠం

సరే, కిటికీ సరైనదే ఉన్నది. అయినా ఆ కుర్రవాడికి ఎందుకు కనపడలేదు?

రాత్రిపూట అమలాపురం నుంచి రాజోలు పోయే బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చున్నారనుకోండి. అద్దం దించి ఉంది, బస్సులో దీపాలు వెలుగుతున్నాయి. బయట కొబ్బరితోటలు కనిపిస్తాయా? కనిపించవు. అద్దంలో మీ ముఖమే మీకు కనిపిస్తుంది. కండక్టరుగారు దీపాలు ఆర్పగానే తోటలూ, కాలువలూ, ఇళ్లలో వెలిగే దీపాలూ ఒక్కసారిగా ప్రత్యక్షమౌతాయి. అద్దం మారలేదు, మీ కన్నూ మారలేదు. వెలుగు ఎటువైపు ఎక్కువగా ఉంటే అటువైపే మనకు కనిపిస్తుంది.

లేజర్ కటర్ కిటికీ కూడా అంతే. లోపల చీకటి, పైగా పొగ. బయట ట్యూబ్‌లైటు, వీధిలో నుంచి వచ్చే ఎండ. అందుకని ఆ కుర్రవాడికి కిటికీలో తన ముఖం కనిపించింది గాని చెక్క కనిపించలేదు. అతడు మూత ఎత్తాడు. నిజానికి అతడు చేయవలసింది లోపల దీపం పెట్టడం!

అది ఎట్లా చేయాలో చెబుతాను. ఇది మీరు ఒంటరిగా చేయవలసిన పని కాదు. మాస్టారో, కొట్టు యజమానో, యంత్రం తెలిసిన మెకానిక్కో పక్కన ఉండి, ప్లగ్గు పూర్తిగా ఊడదీసిన తరువాతనే చేయాలి.

మొదటిది దీపం. 12 వోల్టుల తెల్లటి ఎల్.ఇ.డి. పట్టీని మూత లోపలి అంచున, వెలుగు చెక్క మీద పడేటట్లు, చూసేవారి కంట్లో పడకుండా అంటించాలి. కిరణం నడిచే దారిలో, అద్దాలు కదిలే దారిలో పట్టీ గాని, తీగ గాని రాకూడదు. దానికి కరెంటు విడిగా, బయట ఉన్న అడాప్టరు నుంచి ఇవ్వాలి. యంత్రం లోపలి పెట్టె నుంచి తీసుకోవద్దు. ఎందుకంటే గాజు గొట్టపు లేజరుకు పదిహేను, ఇరవై వేల వోల్టుల విద్యుత్తు అందుతుంది. స్విచ్చి ఆపిన తరువాత కూడా ఆ పెట్టెలో కొంతసేపు విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. దాని జోలికి పోవద్దు.

రెండోది నీడ. కిటికీ చుట్టూ నల్లటి అట్టతో చిన్న చూరు కట్టండి. ఎండవేళ మన పెంకుటిల్లు చూరు చేసే పనే అదీ చేస్తుంది. బయటి వెలుగు అద్దం మీద పడకపోతే ప్రతిబింబం పోతుంది. కొట్లో దీపం కిటికీకి ఎదురుగా ఉంటే, దానిని పక్కకు మార్చినా సగం పని అయినట్టే.

మూడోది పొగ. పొగను బయటకు లాగే ఫ్యాను బలంగా ఉంటే కిటికీ మసిబారదు. మసిబారిన కిటికీని మెత్తటి గుడ్డతో, కాస్త సబ్బునీటితో తుడవండి. యాక్రిలిక్ మీద స్పిరిట్ వాడితే వెంట్రుకవాసి పగుళ్లు పుడతాయి. ఇంకొక మాట. రెక్సిన్, ఫ్లెక్సీ వంటి పి.వి.సి. సరుకును ఈ యంత్రంలో ఎన్నడూ పెట్టకూడదు. అది కాలితే హైడ్రోజన్ క్లోరైడు వాయువు వస్తుంది. అది ఊపిరితిత్తులకూ చెరుపే, యంత్రానికీ తుప్పే.

నాలుగోది కెమెరా. ఇంట్లో మూలపడిన పాత సెల్‌ఫోనును కిటికీ మీద పెట్టి, దాని తెర మీద చూస్తే, వంగి చూడనక్కరలేదు. నీలి లేజరు అయితే కెమెరా కూడా నారింజ కిటికీ వెనక నుంచే చూడాలి. లేజరు పడితే కెమెరా కన్ను కూడా పాడవుతుంది. అయినా పరవాలేదు. కెమెరా కన్ను పోతే డబ్బిచ్చి కొనుక్కోవచ్చు, మన కన్ను ఏ కొట్లోనూ దొరకదు. అయితే తెర ఉంది కదా అని పక్క గదిలోకి పోయి కూర్చోకూడదు. మంట లేస్తే ఆర్పడానికి మనిషి అక్కడే ఉండాలి.

ఇవన్నీ చేసినా కిటికీ చాలలేదు, ఇంకా పెద్దది కావాలి అనుకుంటే, యంత్రం తయారుచేసినవారి దగ్గర నుంచి ఆ కిరణానికి తగిన పలకనే తెప్పించాలి. కంత కంటె పలక నాలుగు వైపులా పెద్దదిగా ఉండి, సందు లేకుండా మరలతో బిగియాలి. బిగించిన తరువాత ఆ మీట పనిచేస్తున్నదో లేదో పెద్దవాళ్లు పరీక్షించాలి. మూత తెరచి ఉండగా యంత్రం కిరణం ఇవ్వనని మొరాయిస్తే, అప్పుడు మీరు చేసిన మార్పు మంచి మార్పు.

కొబ్బరాకుల నీడలో సూర్యుడు

ఇక నా అభిప్రాయం చెబుతాను. ఈ విషయంలో రెండు రకాల పెద్దమనుషులు ఉన్నారు. "అంత ప్రమాదమైన యంత్రాన్ని పిల్లల దగ్గరకు రానివ్వనే కూడదు" అని కొందరు అంటారు. "ఇన్నాళ్లూ మూత తీసే చేశాం, ఏమైంది?" అని ఇంకొందరు అంటారు. ఇద్దరి మాటా నాకు నచ్చలేదు. ఎందుకో ఒక పాత సంగతి చెబితే మీకే తెలుస్తుంది.

1980 ఫిబ్రవరి 16న మన రాష్ట్రం మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం నడిచిపోయింది. హైదరాబాదు దగ్గరి జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు దూరదర్శినులు పెట్టుకుని దానిని పరిశీలించారు. కోనసీమలో పాక్షికంగా కనిపించింది. ఆ రోజు ఎన్నో ఊళ్లలో జనం తలుపులు మూసుకుని ఇళ్లలో కూర్చున్నారు. వీధులు బోసిపోయాయి. ఇలా భయపడి దాక్కోవడం ఒక తప్పు. వట్టి కంటితోనో, మసిపట్టిన గాజుతోనో, ఎక్స్‌రే ఫిల్ముతోనో సూర్యుణ్ణి చూడటం రెండో తప్పు. ఈ రెండు తప్పులకూ మధ్య ఒక చక్కని దారి ఉంది. కొబ్బరితోటలో నేల మీదకు చూడండి. ఆకుల సందుల్లో నుంచి పడే ఒక్కొక్క వెలుగు మచ్చా ఒక సూర్యబింబమే. గ్రహణం వేళ ఆ మచ్చలన్నీ నెలవంకలుగా మారిపోతాయి. సూర్యుడి వైపు వీపు పెట్టి, నేల మీద వందల గ్రహణాలను ఒకేసారి చూడవచ్చు. కన్నుకు చెరుపు లేదు, చూసిన ఆనందమూ తక్కువ కాదు.

లేజర్ కటర్ విషయంలో కూడా నేను ఆ మూడో దారినే కోరుతున్నాను. తలుపులు మూసుకోవద్దు, తల లోపల పెట్టవద్దు. వెలుగును పనిచేసే చోటుకు పంపి, కన్నును దూరంగా ఉంచి, హాయిగా చూడండి.

పిల్లలకు యంత్రం వద్దనేవారికి నేను చెప్పేది ఇదే. 2016లో నీతి ఆయోగ్ అటల్ టింకరింగ్ ల్యాబులను మొదలుపెట్టింది. ఆరవ తరగతి నుంచి పిల్లలు చేత్తో యంత్రాలు చేసి నేర్చుకోవాలని దాని ఉద్దేశం. హైదరాబాదులో 2023లో తెరచిన టీ-వర్క్స్ వంటి పెద్ద కార్యశాలలలో లేజరు మరొక పనిముట్టు మాత్రమే, సుత్తీ రంపాల వలె. ఇటువంటి యంత్రాల మధ్యనే రేపు మన కోనసీమ పిల్లలు బతకాలి. కొబ్బరిచిప్ప మీద బొమ్మ చెక్కి నాలుగు రూపాయలు సంపాదించే యువకుడికీ ఇది కావాలి. వద్దంటే వారు మానరు. ఎవరూ లేనప్పుడు, మూత తీసి, నేర్చుకుంటారు. కాబట్టి బడిలోనే, మాస్టారి కళ్లముందే, మూత వేసి నేర్పడం మంచిది.

"ఏమీ కాలేదు" అనేవారికి ఒక్క ప్రశ్న. నేత్రపటలం కాలితే నొప్పి ఉండదని చెప్పాను కదా? అటువంటప్పుడు ఏమీ కాలేదని మీకు ఎవరు చెప్పారు? కంటి పరీక్ష చేయించుకున్నారా? కిరణం వంద రోజులు చెక్క మీదే పడి, నూటొకటో రోజున మరచిపోయిన ఒక స్టీలు స్కేలు మీద పడవచ్చు. అప్పుడు టేపు ఊడదీస్తే, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అవుతుంది.

ఇదే లేజరుతో వైద్యులు చక్కెర వ్యాధి వల్ల చెడిపోతున్న నేత్రపటలానికి చికిత్స చేసి చూపు నిలబెడుతున్నారని కూడా మీరు తెలుసుకోవాలి. రోగి కంటిలోకి కిరణాన్ని పంపే ఆ వైద్యుడు కూడా తన కన్నుకు, తను చూసే పరికరంలోనే, రక్షణ అద్దం అడ్డం పెట్టుకుంటాడు. అంతటి నిపుణుడికి లేని ధైర్యం మనకెందుకు?

ఇప్పుడు మీకు ఒక పని చెబుతాను. మీ బడిలోనో, మీ వీధి కొట్లోనో లేజర్ కటర్ ఉంటే, పెద్దవారి అనుమతితో మూడు సంగతులు కనుక్కోండి. దాని కిరణం ఎన్ని నానోమీటర్లు? దాని కిటికీ మీద ఉన్న అంకె ఎంత? మూత తీస్తే కిరణం ఆగుతున్నదా? మూడింటిలో ఏ ఒక్కదానికి జవాబు రాకపోయినా, జవాబు వచ్చేదాకా మీరు దాని దగ్గర నిలబడవద్దు.

నేను కూడా ఊరికే కూర్చోలేదు. పండుగ వెళ్లిన తరువాత, గజం పొడవు ఎల్.ఇ.డి. పట్టీ ఒకటీ, ఒక అడాప్టరూ కొనుక్కుని మళ్లీ ఆ కొట్టుకు వెళ్లాను. యజమానికి విషయం చెప్పాను. ఆయన ముందు కొంచెం చిన్నబుచ్చుకున్నా, తరువాత తనే ప్లగ్గు పీకి, పట్టీ అంటించి, మీట మీద టేపు ఊడదీశారు. మూత వేసి దీపం వెలిగించాం. కుర్రవాడు కిటికీలోకి చూసి, "బలేగా కనపడతందండి, ఆయ్! గీత కూడా కనపడతంది" అన్నాడు.

అతనికి కావలసింది మొదటి నుంచీ అదే. మనం ఒక్క దీపం పెట్టి ఇవ్వలేక, అతని కళ్లను పందెం కాయించాం. మీరు పెద్దయి యంత్రాలు చేసేటప్పుడు, ఎవరైనా "కనపడదండి" అంటే కోప్పడకండి. ముందు దీపం పెట్టండి.